వస్తుప్రదర్శనశాలల కొలువులు: వర్గములు, వేతనములు

పూర్వము నిజాం రాజ్యములోని గుల్బర్గా జిల్లాకు చేరి, ఇప్పుడు కర్ణాటక రాష్ట్రములో నున్న నాగాయి గ్రామమున క్రీ.శ. 1058 నాటి కన్నడ శాసనమొకటి కలదు. పశ్చిమ చాళుక్య త్రైలోక్యమల్ల సోమేశ్వరుని దండనాయకుడైన మధుసూదనుడు అచ్చట ఘటికాస్థానమును నెలకొల్పి, దానికి చేసిన యేర్పాటులనెల్ల అందు చెక్కించినాడు. వేదములు చదువు విద్యార్థులెందఱు, శాస్త్రములు చదువువారెందఱు, వారికి బోధించు ఉపాధ్యాయులెందఱు అను లెక్క యయిన తరువాత మఱియొక కొలువు పేరు వచ్చును. అది సరస్వతీభాండారికుడు. అట్టివారు ఆఱుగురు. వ్రాతప్రతులను కాపాడి, అడిగినవారికి తీసియిచ్చి, మరల యథాస్థానమున చేర్చుట వీరి పని. ఉపాధ్యాయులకు వలెనే వీరికిని భూమి యేర్పడినది. హైదరాబాదు పురాతత్త్వశాఖవారు ఈ శాసనములను 1928లో ప్రకటించినది మొదలు ఘటికాస్థానమును గుఱించి వ్రాసినవారు పెక్కుమంది కలరు. వారు విద్యార్థుల సంఖ్యను మెచ్చుకొనిరి. మా దృష్టి ఆ ఆఱుగురు భాండారికులపై నిలిచినది. వస్తువును కాపాడువానిని శాసనకర్త బోధించువాని ప్రక్కన వ్రాసెను గాని ద్వారపాలకుని ప్రక్కన వ్రాయలేదు.

కొలువునకు పేరు పెట్టుట, పేరునుబట్టి జీతము కట్టుట అను పని చూపునకు గుమాస్తాపని వలె నుండును. ఆర్థికశాఖ కాగితములలో పుట్టి, అచ్చటనే చచ్చు విషయమని పరిశోధకులు దానివైపు చూడరు. మేమును చాలకాలము చూడలేదు. కాని మన శాసనములు, కైఫీయతులు, నాణెములు, తాళపత్రములు ఏయే చేతులమీదుగా మనకు చేరినవో వెదకుచు పోగా, ప్రతి మలుపులోను ఈ ప్రశ్నయే యెదురైనది: ఈ పని చేసినవాని కొలువు పేరేమి? ఆ పేరు వేఱుగా నున్నచో అతని పని చరిత్రలో వేఱుగా నిలిచియుండెడిదా? ఈ వ్యాసమున దక్షిణదేశపు ప్రదర్శనశాలల చరిత్రనుండి కొన్ని ఘట్టములను తీసికొని ఈ ప్రశ్నను పరిశీలింతుము.

ఆధునిక కాలమున ఈ కథకు మొదలు కావలి సోదరులు. ఏలూరివారైన కావలి వెంకట బొఱ్ఱయ్య 1796 ప్రాంతమున కాలిన్ మెకంజీ కొలువులో చేరెను. మెకంజీ 1783లో మదరాసునకు వచ్చిన ఇంజనీరు. దేశభాషలేవియు అతనికి పట్టుబడలేదు. పటములు గీయుట అతని ఉద్యోగము, ప్రాచీన వస్తువులను ప్రోగుచేయుట అతని వ్యసనము. మైసూరు సర్వే మొదలైన తరువాత బొఱ్ఱయ్య గ్రామకరణములతో మాటలాడి లెక్కలు తెప్పించుటయే గాక, అప్పటికి ఎవరును చదువలేక విడిచిన హళగన్నడ శాసనముల లిపిని పరిశ్రమించి చదివెను. అతడు 1803లో, ముప్పది యేండ్లయిన నిండకుండ మరణించెను. తనకు హిందూదేశ విజ్ఞానపు వాకిలి తెఱచినది ఆ బ్రాహ్మణ యువకుని స్నేహమేయని మెకంజీ 1817లో జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో ఒప్పుకొనినాడు. ఒప్పుకొనుట అతని సౌజన్యము. కాని బొఱ్ఱయ్య కొలువు పేరు దుబాసీ. లిపిని ఛేదించువానికి ఆనాటి కుంపిణీ పట్టికలలో గడి లేదు; ఉన్న గడులు దుబాసీ, వ్రాయసకాడు, పండితుడు, బంట్రోతు అనునవియే. అందులో దుబాసీ అనునది మాటను ఒక భాషనుండి మఱియొక భాషకు మార్చువాని పేరు. శాసనమును చదువుట మాటను మార్చుట యెట్లగును?

బొఱ్ఱయ్య తరువాత అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని భుజమున వేసికొనెను. మఱియొక సోదరుడు రామస్వామి కూడ చేరెను. దక్కను కవుల జీవితములను ఆంగ్లమున 1829లో అచ్చొత్తించినది ఈ రామస్వామియే. వీరి చేతిక్రింద అనేకులు ఊరూర తిరిగి కైఫీయతులు వ్రాయించిరి, శాసనములకు నకళ్ళు తీసిరి. వీరి జీతములలో పెక్కుపాలు మెకంజీ తన చేతిసొమ్మునుండి ఇచ్చుచుండెను. ఇది చెప్పుకొనదగిన విషయము. సర్కారు పట్టికలో కొలువు లేదు కావున జీతము ఒక వ్యక్తి సంచినుండి రావలసి వచ్చినది. ఆ వ్యక్తి పోయిననాడు కొలువును పోవును. 1821 మే 8న మెకంజీ మరణించెను. ఆ సంగ్రహమును అతని భార్యనుండి ప్రభుత్వము లక్ష రూపాయలకు కొనెను. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టిక ననుసరించి అందు సాహిత్యగ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల నకళ్ళు 8,076, నాణెములు 6,218 కలవు. వస్తువులకు లక్ష రూపాయలు ధర కట్టిరి. వస్తువులను ప్రోగుచేసి, చదివి, అర్థము వ్రాసినవారికి ధర యేమి కట్టవలెనను ప్రశ్న పుట్టలేదు.

పుట్టించినవాడు లక్ష్మయ్యయే. దొర పోయినను పని పోరాదని అతని తలంపు. 1833లో మదరాసున హిందూ లిటరరీ సొసైటీని స్థాపించి దానికి అధ్యక్షుడయ్యెను. మెకంజీ విడిచిన పనిని తన పర్యవేక్షణమున కొనసాగింపనిమ్మని ప్రభుత్వమునకు విన్నపము చేసికొనెను. ఆ విన్నపము 1836లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ యెదుటకు వచ్చినది. సొసైటీ కార్యదర్శి జేమ్సు ప్రిన్సెప్. అతని అభిప్రాయము సంగ్రహముగా ఇది: ఇంత విస్తృతమైన కార్యమునకు సామాన్యసూత్రములను కనిపెట్టుటలో ఆఱితేఱిన యజమానపు బుద్ధి కావలెను, లక్ష్మయ్యకే గాదు, ఏ దేశీయునికైనను ఆ సామర్థ్యమున్నదని చెప్పుట కష్టము. సంగ్రహమును పరిశీలించు పని విలియం టెయిలర్ పాదిరికి అప్పగింపబడెను.

ఈ తీర్పును జాతివివక్షయని యొక్కమాటతో త్రోసివేయుట సులభము. అది నిజమే, కాని అంతతో సరిపెట్టినచో అందలి మఱియొక అంశము మఱుగున పడును. ప్రిన్సెప్ ఒక మనుష్యుని కాదనుటతో నిలువక ఒక వర్గీకరణమును చేసినాడు. సేకరించుట, చదువుట, నకలు తీయుట ఒక వర్గము. తీర్మానించుట మఱియొక వర్గము. మొదటి దానినుండి రెండవ దానికి మెట్లు లేవు. మఱుసటి సంవత్సరమే, అనగా 1837లో, ప్రిన్సెప్ అశోకుని బ్రాహ్మీలిపిని ఛేదించి జగద్విఖ్యాతుడయ్యెను. ఆ పాఠముల అర్థము తేల్చుటలో అతనికి పండిత కమలాకాంత విద్యాలంకారుడు తోడ్పడెను. తోడ్పాటు అను మాటయే ఆ వర్గమునకు ఆనాటినుండి స్థిరమైన బిరుదు. విల్సన్ పట్టికలో, టెయిలర్ 1857 మొదలు 1862 వఱకు మూడు సంపుటములుగా ప్రకటించిన పట్టికలో గ్రంథముల పేళ్ళు విపులముగా నున్నవి. వానిని సంపాదించినవారి పేళ్ళను మాత్రము పరిశోధకుడు వెదకి ఏఱుకొనవలయును.

మెకంజీ సంగ్రహమునకును దక్షిణదేశపు ప్రదర్శనశాలకును సంబంధమేమని అడుగవచ్చును. సంబంధము రెండు దారుల నున్నది. దక్షిణభాషల వ్రాతప్రతులు మదరాసు చేరి, పిమ్మట 1869లో నేర్పడిన ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమునకు మూలధనమైనవి. ఇక అమరావతి స్తూపమును మొదట లోకమునకు ఎఱుకపఱచినవాడు మెకంజీ. 1845లో వాల్టర్ ఎలియట్ అచ్చట త్రవ్వించిన శిల్పములు మదరాసునకు వచ్చి ఎండకు వానకు నానుచుండగా, వానికొక నీడ కావలెనన్న చింతయు ఆ నగరమున మ్యూజియము పెరుగుటకు తోడ్పడినది. పెక్కు శిల్పములు 1859లో లండనునకు పోయినవి. మిగిలినవి, తరువాత దొరికినవి ఎగ్మూరులో నున్నవి.

మదరాసు మ్యూజియము 1851లో కాలేజీరోడ్డు భవనమున తెఱవబడి, 1854లో ఎగ్మూరు పాంథియను భవనమునకు మారెను. దాని మొదటి అధికారి ఎడ్వర్డు బాల్ఫర్, వృత్తిచే వైద్యుడు. మ్యూజియము అతనికి రెండవ పని. అతని తరువాత వచ్చిన జెస్సీ మిచ్చెల్ సైనికుడు. జార్జి బైడీ మరల వైద్యుడు. 1885లో వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ వైద్యవిద్య చదివినవాడు. వారు సమర్థులు కారని మా యభిప్రాయము గాదు. బాల్ఫర్ జనమును రప్పించుటకు మ్యూజియము తోటలో బ్రతికిన జంతువులనుంచి మదరాసు జంతుప్రదర్శనశాలకు బీజము వేసెను. రాజమహేంద్రవరము మొదలగు జిల్లాపట్టణములలో చిన్న మ్యూజియములను తెఱపించెను. వానిలో పెక్కు కొలదికాలములోనే మూతపడినవి. కారణము దుర్గ్రాహ్యము గాదు. ఇతర కొలువులలో నున్నవారు తీరిక వేళల నడపిన సంస్థలవి. అలమారలకు సొమ్ము దొరకినది. అలమారల ముందు నిలుచు పూర్తికాలపు మనిషికి దొరకలేదు.

థర్‌స్టన్ కాలమునకు మ్యూజియములో సహాయకుల వర్గము ఏర్పడినది. 1909లో ఏడు సంపుటములుగా వెలువడిన దక్షిణభారత కులములు, జాతులు అను గ్రంథమును చూడుడు. శీర్షికపత్రమున థర్‌స్టన్ పేరు పెద్ద అక్షరములలోను, కె. రంగాచారి పేరు 'సాయముతో' నన్న మాట తరువాతను కలవు. రంగాచారి వృక్షశాస్త్రవేత్త. ఏడు సంపుటములలో ఎవరి పాలెంతయో నేడు తేల్చుట అసాధ్యము. పట్టికయే దానిని అసాధ్యము చేసినది. సహాయకుడని పేరు పెట్టిన తరువాత అతడు చేసినదెల్ల నిర్వచనముచేత సహాయమే యగును.

దీనికి అపవాదముగా వలైయత్తూరు వెంకయ్యగారిని పేర్కొనవలయును. 1886లో ఆయుగెన్ హుల్ట్‌జ్ మదరాసున శాసనపరిశోధకుడుగా నియుక్తుడైన కొలదికాలమునకే వెంకయ్యగారు సహాయకులుగా చేరిరి. సహాయకత్వము వీరితో నిలిచిపోలేదు. 1908లో వీరు భారతప్రభుత్వ శాసనపరిశోధకులైరి. ప్రిన్సెప్ లేవన్న మెట్లు ఇచ్చట నున్నవి. ఎందుకున్నవి? శాసనశాఖలో అధికారి పని, సహాయకుని పని ఒకే జాతికి చెందినవి. ఇద్దఱును శాసనము చదువుదురు. ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ. పని ఒకటియైనచోట నిచ్చెన కట్టుట సాధ్యము. మ్యూజియములో అట్లు గాదు. అచ్చట పక్షిచర్మములను నింపువాడు, శిల్పమును గుర్తించువాడు, నాణెమును తూచువాడు, చీటీ వ్రాయువాడు ఒకే కప్పు క్రింద పనిచేయుదురు గాని ఒకే నిచ్చెన నెక్కరు.

తెలుగువారికి మిక్కిలి సన్నిహితమైన ఉదాహరణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారిది. ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున వారు తెలుగు పండితులు. భాండాగారమునకు అధ్యక్షత సాధారణముగా ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యులకు అదనపు బాధ్యతగా నుండెడిది. రంగాచార్యులవారు, కుప్పుస్వామిశాస్త్రులవారు అట్టి అధ్యక్షులు, మహావిద్వాంసులు. అయినను నిత్యము కట్టలు విప్పి, దారము మార్చి, ఆకులు లెక్కించి, ఆద్యంతములు వ్రాసికొనువాడు పండితుడే. 1913లో చాటుపద్యమణిమంజరిని, 1926లో బసవపురాణమును వెలువరించిన విద్వాంసుడు ఆ కొలువులోని పండితుడని తలచినచో, పండితుడను పేరు ఎంత పెద్దదిగా నుండెనో, ఆ పదవి యెంత చిన్నదిగా నుండెనో తెలియును. ప్రభాకరశాస్త్రిగారు 1939 ప్రాంతమున తిరుపతికి తరలిపోయిరి. ఆయన కీర్తికి కొలువు అడ్డురాలేదు. ఆయన స్వయముగా గ్రంథకర్త. గ్రంథములు వ్రాయక, జీవితమెల్ల ఇతరులకు ప్రతులు తీసియిచ్చి గతించినవారిని గుఱించి మనమేమి యెఱుగుదుము?

ఇక పదవి అవసరమునుండి పుట్టిన ఘట్టమొకటి. దక్షిణదేశపు కంచువిగ్రహములు భూమిలో పాతిపెట్టబడి దొరకినవి పెక్కు. ఉప్పు కలిసిన మట్టినుండి క్లోరైడులు లోహములోనికి దిగును. విగ్రహమును తీసి కడిగి గాజుబీరువాలో నుంచినప్పుడు చూపునకు బాగుగనే యుండును. మదరాసు సముద్రపుగాలిలోని తేమ తగిలిన కొన్ని నెలలకు లేతపచ్చని పొడి చిన్న చుక్కలుగా పైకుబుకును. తుడిచినచో మరల వచ్చును. ఆ చుక్క క్రింద లోహము తినివేయబడుచుండును; వ్రేళ్ళు, ఆభరణములు, ముఖరేఖలు క్రమముగా పొడియగును. దీనికి కంచురోగమని పేరు. విగ్రహమును క్షారద్రావణములో నుంచి విద్యుత్తును సన్నగా ప్రవహింపజేసి క్లోరైడులను వెలికి లాగవలయును. ప్రవాహము హెచ్చినచో పైపొర లేచిపోవును, తగ్గినచో రోగము నిలుచును. ద్రావణమును పలుమాఱులు మార్చి పరీక్షించుచు దినములు, వారములు కాచుకొని యుండవలయును.

ఈ పనికై 1930లో మదరాసు మ్యూజియమున రసాయనశాల యేర్పడినది. అప్పటి సూపరింటెండెంటు గ్రేవ్లీ. ఎస్. పరమశివన్ ఈ పద్ధతిని నడపి, పిదప తంజావూరు బృహదీశ్వరాలయపు కుడ్యచిత్రముల నిర్మాణమును గూడ పరిశీలించిరి. ఇచ్చట ప్రభుత్వము ఒక విషయమును ఒప్పుకొనవలసి వచ్చినది: ఇది గుమాస్తా పని గాదు, బంట్రోతు పని గాదు, ఆచార్యుని తీరికవేళ పని యంతకంటెను గాదు. పచ్చని పొడి ఫైలు కొఱకు నిరీక్షింపదు. పండితుని విషయమున వంద సంవత్సరములు వాదించినను నెగ్గనిది, రోగము పట్టిన కంచు నెగ్గించెను. తాళపత్రమును పురుగు తినుటయు ఇంచుమించు ఇట్టి రోగమే గదా యని మాకు తోచును. కాని అది చుక్కలుగా పైకి కనబడదు. కట్ట విప్పినప్పుడే తెలియును.

1936లో మార్కమ్, హార్గ్రీవ్సు అను నిరువురు భారతదేశపు మ్యూజియములను పరిశీలించి నివేదికను ప్రకటించిరి. వారు లెక్కించినవి 105. శిక్షణ లేని క్యూరేటర్లు, అరకొర జీతములు, ఇతర ఉద్యోగమునకు తోకగా తగిలించిన పదవులు వారి దృష్టికి వచ్చినవి. ఆ నివేదిక కటువైనదని ఆనాడు కొందఱు నొచ్చుకొనిరి. చదివినచో దాని కటుత్వము మనుష్యులపై కంటె ఏర్పాటుపైననే యున్నదని మాకు తోచినది.

ఇంతలో సర్కారు కొలువులన్నిటికి ఒకే చట్రము బిగుసుకొనుచుండెను. 1930 నాటి సివిల్ సర్వీసుల నియమావళి కేంద్రకొలువులను మొదటి తరగతి, రెండవ తరగతి, సబార్డినేటు, ఇన్‌ఫీరియర్ అని విభజించినది. చివరి రెండు మాటలకు తెలుగు అధీనము, హీనము. ప్రదర్శనశాలలో శిల్పమును తుడుచువాడు, దీపము వెలిగించువాడు, తాళము వేయువాడు హీనసేవకులైరి. వరదాచార్యులవారి అధ్యక్షతన 1946లో ఏర్పడి 1947లో నివేదించిన మొదటి వేతనసంఘము ఈ పేళ్ళను మార్పవలెనని చెప్పెను. అవి మూడవ తరగతి, నాలుగవ తరగతి యైనవి. హీనమనుటకంటె నాలుగవదనుట మేలే. కాని అంకె యైనను ఒక మాటయే. నాలుగవ తరగతివాడని వాడుకలోనికి వచ్చిన తరువాత ఆ మాటను మన ఆఫీసులలో ఏ స్వరముతో పలుకుదురో పాఠకులెఱుగుదురు. ఆ సంఘము కనిష్ఠ వేతనమును కరవుభత్యముతో కలిపి 55 రూపాయలుగా నిర్ణయించినది. జగన్నాథదాసుగారి అధ్యక్షతన 1957లో ఏర్పడిన రెండవ సంఘము 1959లో దానిని 80 రూపాయలు చేసినది.

వేతనశ్రేణి యనగా నేమో తెలిసిన పాఠకులకు మరల చెప్పుట పునరుక్తి. ఐనను ఆనాటి దాని ఆకృతిని గమనింపవలయును. మొదలు ఒక సంఖ్య, ఏటేట ఒక పెంపు, నడుమ దక్షతావధి యను నొక అడ్డుగీత, తుదకొక పరమావధి. అడ్డుగీతను దాటుటకు పైయధికారి యోగ్యతాపత్రము కావలసియుండెను; పరమావధి చేరిన తరువాత పై పదవి ఖాళీయైననే కదలిక యుండెడిది. ఈ ఆకృతి పెద్ద కచేరీలకు తగినది. నూఱుగురు గుమాస్తాలున్నచోట పదిమంది హెడ్డుగుమాస్తాలు, వారిపై ఒక మేనేజరు ఉందురు. మ్యూజియములో నాణెముల నెఱిగినవాడొకడే. అతనిపై నాణెముల పదవి మఱియొకటి లేదు. జంతుచర్మములను నింపు శిల్పి ఒకడే. అతని పరమావధి అతని గోడ. ఇట్టి ఒంటిపదవిలో చేరినవాడు పదునైదు ఇరువది యేండ్లకు శ్రేణి కొనకు చేరి, మిగిలిన కొలువంతయు అచ్చటనే నిలుచుచుండెను. నిలువలేనివాడు గుమాస్తా నిచ్చెనలోనికి దూకును. దూకినవాడు జీతమున పైకి పోవును, నాణెములు మాత్రము చదువు తెలిసినవాడు లేక మిగులును. మ్యూజియముల వేతనముల విషయమున ముఖ్యమైన చిక్కు జీతము కొద్దియగుట గాదని, పని పెరిగినకొలది పైకి పోవు దారి ఆ పనిలోనే లేకుండుటయని మా నిశ్చయము. శివరామమూర్తిగారు 1942లో మదరాసు మ్యూజియము పక్షమున అమరావతి శిల్పములపై బృహద్గ్రంథమును వ్రాసిరి. వారికి పైమెట్టు మదరాసులో గాక కలకత్తాలోను, పిమ్మట ఢిల్లీ జాతీయ మ్యూజియములోను దొరకినది. విద్వాంసుడు ఎదిగెను. అమరావతి శిల్పములు ఎగ్మూరులోనే యుండెను.

హైదరాబాదు విషయము కొంత భిన్నము. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చి 2న సంతానము లేక మరణించెను. 1951 డిసెంబరు 16న దివాన్‌దేవిడిలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియమును తెఱచెను. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయప్రాముఖ్యము గల సంస్థయై ఒక పాలకమండలి చేతికి వచ్చెను. 1968లో మూసీ తీరపు క్రొత్తభవనమునకు చేరెను. ఒక కుటుంబపు సొత్తు సర్కారు సొత్తగుటలో వస్తువుల జాబితా వ్రాయుట యొక పని. దానికంటె కష్టమైనది, ఆ వస్తువులకు కావలసిన చేతుల జాబితా. పారసీక లిపికారుల వ్రాతప్రతులు, జేడ్ పిడుల కత్తులు, బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా, గంటగంటకు జనము గుమికూడు సంగీతపు గడియారము — వీనినన్నిటిని 'గ్యాలరీ' అను నొకే మాట క్రింద, 'అటెండెంటు' అను నొకే కొలువు క్రింద చేర్చుట లెక్కకు సుకరము. పాలరాతిని తుడుచు గుడ్డ వేఱు, జేడ్‌ను తుడుచు గుడ్డ వేఱు, తాళపత్రమును గుడ్డతో తుడువనే రాదు. ఈ భేదములు పట్టికలోని కొలువు పేళ్ళలో కానరావు. అవి చేతిలో నుండును. చేయి పదవీవిరమణము చేయును.

తరువాతి సంఘముల చరిత్రను మేము విస్తరింపము. 1973 నాటి మూడవ సంఘము పిమ్మట తరగతులు పోయి ఏ, బీ, సీ, డీ వర్గములు వచ్చినవి. 2008లో శ్రీకృష్ణగారి ఆఱవ సంఘము డీ వర్గమును సీలో కలుపవలెనని చెప్పినది. 2016 జనవరి 1 నుండి అమలైన ఏడవ సంఘపు పట్టికలో కనిష్ఠము 18,000 రూపాయలు. అట్టడుగు వర్గము పేరు కాగితముపై లేకుండపోయినది. పెక్కు సంస్థలలో ఆ పనియు కొలువుగా నుండుట మాని గుత్తకు పోయినది. తుడుచుట, కాచుట అను పనులకు గుత్తేదారు మనుష్యులను పంపును; ఈ నెల వచ్చినవారు వచ్చు నెల రాకపోవచ్చును. వర్గపు పేరులోని హీనతను తొలగించుటకు డెబ్బది యేండ్లకు పైగా పట్టినది. తొలగించునప్పటికి వర్గము మిగులలేదు.

విషయము సంఖ్యలతో ముగియరాదని మా స్వానుభవమొకటి చెప్పెదము. చాలకాలము క్రిందట మేమొక ప్రదర్శనశాలకు ఒక తామ్రశాసనమును సరిచూచుటకై పోయితిమి. ప్రకటింపబడిన పాఠములో ఒక గ్రామనామము సందేహాస్పదముగా నుండెను. అధికారి సాదరముగా ఆహ్వానించి రిజిస్టరు తెప్పించిరి. సంఖ్య యున్నది, ఆ సంఖ్యగల పెట్టెలో రేకులు లేవు. అప్పుడు తలుపు దగ్గఱ నిలుచున్న ముసలి అటెండెంటు, "అవి ఆ పెట్టెలో లేవండి. వాన కురిసిన యేడు నేనే తీసి పైగదిలో పెట్టినాను. ఉంగరము తెగింది, వేఱే గుడ్డలో కట్టినాను" అని పోయి, రెండు నిమిషములలో తెచ్చి బల్లపై పఱచెను. రేకుల వరుస తప్పకుండ ఒక్కొక్కదాని నడుమ కాగితము పెట్టియుండెను. అతనికి ఆ లిపి రాదు. మూడవ రేకు వెనుకవైపు అంచు అరిగినదని, వెలుతురు ఎడమనుండి పడవలెనని అతడే చెప్పెను. ఆ వెలుతురులో గ్రామనామము కనబడెను. మా వ్యాసములో అధికారికి కృతజ్ఞత చెప్పితిమి. అటెండెంటు పేరు అడుగుటయైన మఱచితిమి.

కొన్ని యేండ్లకు మరల అదే శాసనమునకై పోయితిమి. అధికారి మారిరి. అటెండెంటు విరమించియుండెను, ఆ పదవిని నింపలేదనిరి. రిజిస్టరులో సంఖ్య యెప్పటివలెనే యున్నది, పెట్టెయు నున్నది. పైగది తాళపుచెవి యెవరివద్ద నున్నదో తెలిసికొనుటకు ఆ పూట గడచినది. మఱునాడు రమ్మనిరి.